పాత స్పానిష్ డబుల్ బ్యారెల్ తుపాకీ: విప్పకుండానే లాక్, యాక్షన్ ఏ రకమో తేల్చుకోవడం ఎలా?

పాత స్పానిష్ డబుల్ బ్యారెల్ కనిపించగానే అందరూ ముందు అడిగేది "ఏ కంపెనీది?" అని. జవాబు దొరికినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో ఉన్న ఎయ్‌బార్ పట్నంలో ఒకే కంపెనీ, ఒకే ఏడాదిలో లండన్ తుపాకులకు దీటైన సైడ్‌లాక్‌నూ చేసేది, పల్లెటూరి వేటగాడి జేబుకు సరిపోయే చవక బాక్స్‌లాక్‌నూ చేసేది. రెండింటి మీదా అదే పేరు. (లాక్ అంటే తూటాను పేల్చే యంత్రాంగం, యాక్షన్ అంటే బ్యారెళ్ల వెనకా కిందా ఉండే ఇనుప దిమ్మ. సైడ్‌లాక్‌లో యంత్రాంగం పక్క ప్లేట్ల మీద, బాక్స్‌లాక్‌లో దిమ్మ లోపల ఉంటుంది.) పైగా ఎగుమతి సరుకులో చాలాభాగం మీద తయారీదారు పేరుకు బదులు దిగుమతిదారు పేరే ఉంటుంది. అందుకని పేరు సంగతి చివరికి వదిలేసి, ముందు ఇనుమునే చదవాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పుకోవాలి. ఎయ్‌బార్ వాళ్లు కొత్త యంత్రాంగాలు కనిపెట్టి పేరు తెచ్చుకున్నవాళ్లు కాదు. ఇంగ్లండ్‌లో పేటెంట్ గడువు తీరిన మంచి డిజైన్లను తీసుకుని, ఆకురాయి పట్టి చేత్తో చేసి, తక్కువ ధరకు ఇచ్చారు. కాబట్టి స్పానిష్ తుపాకీని చదవాలంటే ఆరు ఇంగ్లిష్ డిజైన్లు గుర్తుపట్టడం వస్తే చాలు: యాన్సన్ అండ్ డీలీ, హాలండ్ అండ్ హాలండ్, బీస్లీ, పర్డీ గడియ, గ్రీనర్ అడ్డకడ్డీ, సౌత్‌గేట్ ఎజెక్టర్ (కాల్చిన తూటా గొట్టాన్ని బయటికి ఎగరేసే అమరిక). కిందున్న పద్ధతి అంతా ఆ గుర్తుపట్టడం గురించే.

మొదలుపెట్టే ముందు

పై లివర్‌ను కుడికి తోసి, బ్యారెళ్లు దించి, తూటాలు కూర్చునే రెండు చాంబర్లలోకీ టార్చి వేసి చూడండి. "ఖాళీయే లెండి" అని యజమాని చెప్పినా సరే, చూడాల్సిందే. ఇండియాలో అయితే లైసెన్సు ఉన్నవాళ్ల తుపాకీని, వాళ్ల ఎదుటే చూడండి. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక ఒకరి పేరిట రెండుకు మించి తుపాకులు ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోకే వస్తాయి. తాతగారి తుపాకుల్లో ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తేల్చుకోవాల్సిన ఇంట్లో ఈ పరీక్ష బాగా అక్కరకొస్తుంది.

కావలసినవి కొన్నే. టార్చి, భూతద్దం, కొవ్వొత్తి, రెండు స్నాప్ క్యాప్స్. స్నాప్ క్యాప్ అంటే మందూ గుండ్లూ లేని డమ్మీ తూటా. స్క్రూడ్రైవర్ మాత్రం దగ్గర పెట్టుకోవద్దు. చేతిలో ఉంటే తిప్పాలనిపిస్తుంది. ఈ తుపాకుల స్క్రూ గాడి చాలా సన్నగా ఉంటుంది, మామూలు స్క్రూడ్రైవర్ ఒక్కసారి జారిందంటే ఆ మచ్చ అమ్మకం ధరను దించేస్తుంది.

బ్యారెళ్ల కింద ఉండే ముందు చెక్కను ఫోరెండ్ అంటారు. దాని కొసన బటన్ ఉంటే నొక్కాలి, మధ్యలో లివర్ ఉంటే లాగాలి. ఫోరెండ్ ఊడాక బ్యారెళ్లను వంచి తీసేయొచ్చు. బ్యారెళ్లు తీసేసి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కకండి. తూటాను పేల్చడానికి కొట్టే లోపలి హ్యామర్లు పడిపోతే వాటిని ఎక్కించే మీటలు స్థానం మారతాయి, ఆ తర్వాత తుపాకీని తిరిగి కూర్చడం తలనొప్పి.

1. బ్యారెళ్ల అడుగు చదవండి

బ్యారెళ్లను తిరగేస్తే చాంబర్ల కింద చదునైన భాగం కనిపిస్తుంది. ఎయ్‌బార్ ప్రూఫ్ హౌస్ ముద్రలు అక్కడే ఉంటాయి. ప్రూఫ్ హౌస్ అంటే మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడితో ప్రతి తుపాకీనీ కాల్చి చూసి ముద్ర వేసే అధికారిక సంస్థ.

ముద్రల మధ్య విడిగా ఒక అక్షరం ఉందేమో వెతకండి. అది తయారైన సంవత్సరం. 1927 నుంచి ఈ పద్ధతి నడిచింది: 1927కి ఏ, 1928కి బీ, అలా 1954లో జెడ్ దాకా. 1955లో ఏ1తో మళ్లీ మొదలైంది. లెక్క వేసేటప్పుడు ఒక చిక్కుంది. అది స్పానిష్ అక్షరమాల. అందులో సీ తర్వాత సీహెచ్, ఎల్ తర్వాత జంట ఎల్, ఎన్ తర్వాత నెత్తిన గీత ఉన్న ఎన్ విడి అక్షరాలు. డబ్ల్యూ లేదు. ఇంగ్లిష్ అక్షరాల వరసలో లెక్కపెట్టేవాళ్లు రెండు మూడేళ్లు తప్పుతారు. ఉదాహరణకు జెడ్‌కు ముందున్న వై అంటే 1953, ఓ అంటే 1944.

తర్వాత చాంబర్ పొడవు. 12తో పాటు 65 అనో 70 అనో ఉంటుంది. మొదటిది బోర్, అంటే గొట్టం లావు సూచించే అంకె, రెండోది మిల్లీమీటర్లలో పొడవు. ఈ ఒక్క అంకె దగ్గర కాస్త ఆగాలి. తూటా పొడవును పేలిన తర్వాత ఎంత ఉంటుందో దాన్నిబట్టి చెబుతారు. పేలకముందు దాని మూతి మడిచి ఉంటుంది కాబట్టి, 70 మి.మీ. తూటా 65 చాంబర్‌లోకి హాయిగా దూరిపోతుంది. తుపాకీ మూసుకుంటుంది కూడా. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు చాలక, చాంబర్ ముందున్న ఇరుకులోకి పొడుచుకుపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది. "పట్టింది కదా, సరిపోయినట్టే" అనుకోవడానికి లేదు. పాత తుపాకీలో 65 అని ఉంటే 65 తూటాలే. ఎవరో తర్వాత చాంబర్‌ను పెంచి ఉంటే అది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) కొలిచి చెప్పాలి, అంచనా పనికిరాదు.

కొన్ని తుపాకుల బ్యారెళ్ల మీద నక్షత్రాలు ఉంటాయి. అవి చోక్‌ను, అంటే బ్యారెల్ మూతి దగ్గరి ఇరుకును చెబుతాయి. ఒక్క నక్షత్రం అంటే ఫుల్ చోక్. నక్షత్రాలు పెరిగేకొద్దీ చోక్ తగ్గుతుంది. తలకిందుల లెక్కే, కానీ అదే పద్ధతి.

ఇక బ్యారెళ్లు రెండూ ఎలా అతికాయో చూడండి. వాటి కింద ముందూ వెనకా రెండు ఇనుప దిమ్మలు ఉంటాయి, వాటిని లంప్‌లు అంటారు. ఆ లంప్‌ల మధ్యలో, పొడవునా, వెంట్రుకంత సన్నని అతుకు గీత కనిపిస్తే ఒక్కో బ్యారెల్‌నూ దాని సగం లంప్‌తో కలిపి ఒకే ఇనుప ముక్క నుంచి చేశారన్నమాట. దీన్ని చాపర్ లంప్ అంటారు. స్పెయిన్, ఫ్రాన్స్ వాళ్లు డెమీబ్లాక్ అంటారు. ఇది మేలైన పద్ధతి. గీత మధ్యలో కాక లంప్ మొదట్లో అటూ ఇటూ ఉంటే, లంప్‌ను విడిగా చేసి గాడిలో కూర్చి అతికించారు. చాంబర్లకు కొంచెం ముందు బ్యారెళ్ల చుట్టూ ఉంగరంలా గీత ఉంటే అది మోనోబ్లాక్. వెనక భాగమంతా ఒకే దిమ్మ, అందులోకి గొట్టాలు దూర్చారు. ఆ గీతను కప్పడానికి తరచూ దాని మీద సన్నని నగిషీ పట్టీ చెక్కుతారు. భూతద్దం పెట్టి చూస్తే దొరికిపోతుంది.

2. గడియ ఎక్కడ పడుతోంది?

తుపాకీ మూసినప్పుడు బ్యారెళ్లను పట్టి ఉంచేది ఏమిటో చూడాలి. లంప్‌ల వెనకవైపు రెండు గంట్లు ఉంటే అది పర్డీ డబుల్ అండర్‌బోల్ట్. 1863 నాటి పేటెంట్. యాక్షన్ అడుగున ముందుకూ వెనక్కూ జారే గడియ ఆ రెండు గంట్లలో పడుతుంది. మామూలు 12 బోర్ వేట తుపాకీకి ఇది చాలు. మంచి స్పానిష్ సైడ్‌లాక్‌లు చాలావాటిలో ఉండేది ఇదే.

బ్యారెళ్ల మధ్య పట్టీ వెనక్కి పొడుచుకొచ్చి, అందులో గుండ్రటి బెజ్జం ఉంటే అది గ్రీనర్ అడ్డకడ్డీ కోసం. యాక్షన్ లోంచి అడ్డంగా ఒక కడ్డీ వచ్చి ఆ బెజ్జంలో దూరుతుంది. మూడో పట్టు కాబట్టి మరింత గట్టి అని కేటలాగులు ఊదరగొట్టేవి. నా అభిప్రాయం అడిగితే, చవక తుపాకుల్లో ఇది సగం అలంకారమే. కడ్డీ బెజ్జంలో దూరుతుంది కానీ దేన్నీ ఒత్తదు. నిజంగా పనిచేస్తోందా లేదా తేల్చుకోవడానికి కొవ్వొత్తి మసి చాలు. బెజ్జం లోపలి అంచులకు పల్చగా మసి పట్టించి, తుపాకీ మూసి తెరవండి. వెనక అంచు మీద మసి చెరిగిపోతే కడ్డీ పట్టు వేస్తున్నట్టు. చెరగకపోతే లెక్కలోంచి తీసేయండి. ఇదే పరీక్ష కింది గంట్ల మీద కూడా చేయండి, అక్కడ మాత్రం చెరిగి తీరాలి.

ఇప్పుడు ఫోరెండ్ లేకుండా బ్యారెళ్లను మాత్రమే ఎక్కించి మూయండి. పిడి దగ్గర ఒక చేత్తో, బ్యారెళ్లను ఇంకో చేత్తో పట్టుకుని పక్కలకు ఊపి చూడండి. కదలిక తెలిస్తే అరుగుదల ఉంది. ఫోరెండ్ ఉంటే ఆ స్ప్రింగు బిగువు ఊగును కప్పేస్తుంది, అందుకే తీసి చూడమనడం. వెలుతురుకు ఎదురుగా పెట్టి బ్యారెళ్ల వెనక సందులోంచి వెలుగు కనిపిస్తుందేమో కూడా చూడండి. పై లివర్ మధ్యగీతకు కాస్త కుడివైపున ఆగితే ఇంకా ఆయుష్షు ఉన్నట్టు. మధ్యగీత దాటి ఎడమకు వచ్చేసిందంటే గడియ బాగా అరిగింది.

3. సైడ్‌లాకా, బాక్స్‌లాకా, లేక వేషమా?

అసలు విషయం ఇదే. ధరలో పెద్ద తేడా వచ్చేదీ, మోసపోవడానికి ఎక్కువ వీలున్నదీ ఇక్కడే.

సైడ్‌లాక్‌లో హ్యామర్, స్ప్రింగు, ట్రిగ్గర్ నొక్కేదాకా హ్యామర్‌ను పట్టి ఉంచే సియర్ అన్నీ పక్క ప్లేటు లోపలివైపు బిగించి ఉంటాయి. ప్లేటు ఊడదీస్తే యంత్రాంగం మొత్తం దానితో పాటే చేతికొస్తుంది. బాక్స్‌లాక్‌లో అవన్నీ మధ్యనున్న ఇనుప దిమ్మ లోపలే ఉంటాయి. బయట ప్లేటు అవసరం లేదు. అయితే బాక్స్‌లాక్‌కు ఉత్త అలంకారపు ప్లేట్లు బిగించి, నగిషీ చెక్కి, దూరం నుంచి సైడ్‌లాక్‌లా కనిపించేట్టు చేసిన తుపాకులు స్పెయిన్ నుంచి చాలానే వచ్చాయి. అందులో తప్పేమీ లేదు, ధర బాక్స్‌లాక్‌ది అయినంత వరకూ.

తేడా పట్టుకోవడానికి ప్లేటు మీద హ్యామర్ ఇరుసు కొసను వెతకండి. నిజమైన సైడ్‌లాక్‌లో ఆ ఇరుసు ప్లేటు బయటికి కనిపిస్తుంది. దాని తల మీద ఒక సన్నని గీత ఉంటుంది, ఖరీదైనవాటిలో బంగారు గీత. స్నాప్ క్యాప్స్ వేసి, తుపాకీ మూసి ఆ గీత ఎటు ఉందో చూసుకోండి. ట్రిగ్గర్ నొక్కండి. గీత తిరిగిందా, అది సైడ్‌లాక్. గీత కదలకపోయినా, ఇరుసు తలే లేకపోయినా అనుమానించాల్సిందే. అప్పుడు దిమ్మ పక్కన, కింది అంచుకు దగ్గరగా చూడండి. అక్కడ రెండో మూడో గుండ్రటి పిన్నుల కొసలు కనిపిస్తే హ్యామర్, సియర్ తిరిగే ఇరుసులు అవే. అంటే లోపల ఉన్నది బాక్స్‌లాక్. పక్క ప్లేటు వేషం.

నిజమైన సైడ్‌లాక్ అని తేలాక అది ఏ తరహాదో చూడాలి. ప్లేటు ముందుకు సాగి, బ్యారెళ్ల కిందున్న యాక్షన్ పక్క దాకా వస్తే అది బార్ యాక్షన్. మెయిన్ స్ప్రింగు హ్యామర్‌కు ముందు ఉంటుంది. ప్లేటు యాక్షన్ వెనకే ఆగిపోతే బ్యాక్ యాక్షన్, స్ప్రింగు హ్యామర్ వెనక ఉంటుంది. బ్యాక్ యాక్షన్‌లో ముందు ఇనుమును తొలచాల్సిన పని తక్కువ కాబట్టి యాక్షన్ దిట్టంగా ఉంటుంది, కానీ పిడి దగ్గర చెక్క ఎక్కువ పోతుంది. మంచి స్పానిష్ సైడ్‌లాక్‌ల్లో ఎక్కువ భాగం బార్ యాక్షనే, అందులోనూ హాలండ్ అండ్ హాలండ్ తరహా.

హాలండా, పర్డీ తుపాకుల్లో ఉండే బీస్లీ తరహానా అన్నది చేతికే తెలుస్తుంది. హాలండ్ పద్ధతిలో బ్యారెళ్లు దించుతున్నప్పుడు స్ప్రింగులు బిగుస్తాయి. అందుకే కాల్చాక తెరవడం బరువుగా, మూయడం తేలిగ్గా ఉంటుంది. ఫ్రెడరిక్ బీస్లీ 1880లో పేటెంట్ తీసుకున్న పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. మెయిన్ స్ప్రింగులో మిగిలిన బిగువే బ్యారెళ్లను తెరుస్తుంది, మూసేటప్పుడు మనం దాన్ని మళ్లీ బిగించాలి. స్పానిష్ తుపాకుల్లో బీస్లీ తరహా అరుదు. వాటంతటవే తెరుచుకునే స్పానిష్ తుపాకీ చేతికొస్తే ముందు ఫోరెండ్ తీసి బ్యారెళ్ల కింద చూడండి. అక్కడ స్ప్రింగు ఉన్న చిన్న గొట్టం బిగించి ఉంటే అది హాలండ్ వాళ్ల సెల్ఫ్ ఓపెనర్ పద్ధతి, లాక్‌తో దానికి సంబంధం లేదు. అమ్మేవాళ్లు "పర్డీ యాక్షన్" అంటుంటారు. చాలాసార్లు ఆ గొట్టమే జవాబు.

ప్లేటు మీద పిన్నుల తలలు లెక్కపెట్టడం ఇంకో అలవాటు. అయిదు పిన్నుల లాక్, ఏడు పిన్నుల లాక్ అని కేటలాగులు కూడా రాసేవి. రెండో సియర్‌కు (హ్యామర్ పొరపాటున జారితే పట్టే అదనపు సియర్) విడిగా ఇరుసు కావాలి కాబట్టి పిన్నులు ఎక్కువుంటే అది ఉండే అవకాశం ఎక్కువ. కానీ ఇది సూచనే, రుజువు కాదు. పిన్నులు బయటికి కనిపించని ప్లేట్లు కూడా ఉన్నాయి. ఎడమ ప్లేటు మీద వేలితో తిప్పే చిన్న మీట ఉంటే లాక్‌లను పనిముట్టు లేకుండానే తీయొచ్చు. హాలండ్ వాళ్లు 1908లో పేటెంట్ చేసిన సౌకర్యం అది.

4. బాక్స్‌లాక్ అయితే

నిరాశ పడక్కర్లేదు. బర్మింగ్‌హామ్‌లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసిన విలియం యాన్సన్, జాన్ డీలీ 1875లో పేటెంట్ తీసుకున్న ఈ డిజైన్ మహా మొండిది. ఒక్కో వైపు హ్యామర్, సియర్, స్ప్రింగు, ఎక్కించే మీట, అంతే. బ్యారెళ్లు తీసేసి యాక్షన్ ముందు అంచు చూస్తే రెండు మీటల కొసలు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. బ్యారెళ్లు దించినప్పుడు ఫోరెండ్ ఇనుము వాటిని నొక్కుతుంది, అవి లోపలి హ్యామర్లను ఎత్తుతాయి. నా లెక్కలో ఒక మధ్యరకం సైడ్‌లాక్ కంటే బాగా చేసిన బాక్స్‌లాకే మేలు. చెడిపోవడానికి అందులో ఉన్న ముక్కలే తక్కువ.

దీని బలహీనత ఒక చోట ఉంది. యంత్రాంగం పట్టడానికి దిమ్మను తొలచాలి. అడ్డంగా ఉన్న భాగం, తూటా వెనక్కి తన్నే నిలువు ముఖం కలిసే మూలలో ఒత్తిడంతా పడుతుంది. నూనె తుడిచి, ఆ మూలను టార్చి ఏటవాలుగా వేసి భూతద్దంతో చూడండి. గీత కనిపించి, తుడిచినా పోకపోతే, కాసేపటికి అందులోంచి నూనె మళ్లీ ఊరితే అది పగులు. అలాంటి తుపాకీని ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

తర్వాతి కాలపు చవక బాక్స్‌లాక్‌ల్లో వి ఆకారపు స్ప్రింగుకు బదులు చుట్ట స్ప్రింగు పెట్టారు. చూడ్డానికి నాజూకుతనం తక్కువే కానీ విరిగితే మార్చడం తేలిక.

నిలువు ముఖం మీద ఫైరింగ్ పిన్ బెజ్జాల చుట్టూ గుండ్రటి బిళ్లలు, వాటి మీద తాళం పట్టడానికి రెండేసి చిన్న బెజ్జాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఫైరింగ్ పిన్ విరిగినా ముందు నుంచే మార్చుకోవచ్చు. బిళ్లలు లేకపోతే లోపలంతా విప్పాలి.

5. సేఫ్టీ, ఎజెక్టర్లు

పిడి మీది సేఫ్టీ బటన్ చాలా తుపాకుల్లో ట్రిగ్గర్లను మాత్రమే ఆపుతుంది. హ్యామర్‌ను కాదు. తుపాకీ కిందపడి సియర్ జారితే ఆ బటన్ చేసేదేమీ లేదు. అందుకే మంచి సైడ్‌లాక్‌లో రెండో సియర్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కకుండా హ్యామర్ జారితే దాన్ని మధ్యలోనే పట్టేస్తుంది. చవక సైడ్‌లాక్‌ల్లో దీన్ని మానేశారు, బయటినుంచి చూస్తే తేడా కచ్చితంగా తెలియదు.

మీరు చేయగలిగిన పరీక్ష ఇది. స్నాప్ క్యాప్స్ వేసి, సేఫ్టీ పెట్టి రెండు ట్రిగ్గర్లూ గట్టిగా నొక్కి వదలండి. తర్వాత సేఫ్టీ తీయండి. ఆ క్షణంలో టక్కుమని శబ్దం వస్తే ప్రమాదం. రాకపోతే, సేఫ్టీ తీసి ఉంచే, పిడి అడుగున అరచేత్తో గట్టిగా చరచండి. ఏ హ్యామరూ పడకూడదు.

చాంబర్ల అంచున తూటాను పైకి నెట్టే ముక్క ఒక్కటే ఉంటే ఎక్స్‌ట్రాక్టర్, నిలువునా రెండుగా చీలి ఉంటే ఎజెక్టర్లు. స్పానిష్ తుపాకుల్లో ఎక్కువగా కనిపించేది సౌత్‌గేట్ తరహా. ఫోరెండ్ లోపల చిన్న హ్యామర్, దానికో వి స్ప్రింగు. పాత గోడ స్విచ్‌లాగా ఒక బిందువు దాటేదాకా అటు, దాటగానే ఠక్కున ఇటు. పరీక్షకు ఒక్క ట్రిగ్గరే నొక్కి తెరవండి. ఆ వైపు స్నాప్ క్యాప్ మాత్రమే ఎగిరిపడాలి, రెండోది కొంచెం పైకి లేచి ఊరుకోవాలి. తర్వాత రెండూ నొక్కి తెరిస్తే రెండూ ఒకేసారి ఎగరాలి. ఒకటి వెనకబడితే సర్దుబాటుతో పోవచ్చు. ఒకటి అసలు ఎగరకపోతే ఆ స్ప్రింగు విరిగి ఉండొచ్చు. అది చేత్తో చేయించాల్సిన ముక్క, ఆ ఖర్చును బేరంలో తగ్గించి అడగండి.

6. ఇప్పుడు పేరు చూడండి

ఇంతా చూశాక పేరు పనికొస్తుంది, మీరు చూసినదానికి అది సరిపోతుందా అని పోల్చుకోవడానికి. అగిర్రె, అరన్‌సబాల్ కలిసి 1915లో పెట్టిన ఏవైఏ కంపెనీలో నంబర్ 1, నంబర్ 2 హాలండ్ తరహా సైడ్‌లాక్‌లు, నంబర్ 4 యాన్సన్ డీలీ బాక్స్‌లాక్. 25 అంగుళాల బ్యారెళ్ల ఎక్స్‌ఎక్స్‌వీ మోడల్ రెండు రకాల్లోనూ వచ్చింది, కాబట్టి ఆ పేరు విని సైడ్‌లాక్ ధర ఇవ్వకండి. పక్కనే ఉన్న ఎల్గోయ్‌బార్‌లోని అర్రియెతా సైడ్‌లాక్‌లకు పేరుపడింది. గార్బీ, గ్రుయా, పెద్రో అర్రిసబాలగా కూడా ఆ వరసలోవే. ఉగార్తెచియా, విక్టర్ సరస్కెతా రెండు రకాలూ చేశారు.

ఓర్బియా, బీహెచ్ అన్న పేర్లు పాత ఎయ్‌బార్ ఆయుధాల మీద కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఇవాళ సైకిళ్లు చేసే ఆ కంపెనీలే. తుపాకుల గిరాకీ తగ్గినప్పుడు అదే ఊళ్లో గొట్టాలు చేసిన చేతులు సైకిల్ ఫ్రేములు చేశాయి.

ముద్రల్లో దొరికిన సంవత్సరాన్ని కూడా ఇక్కడ కలిపి చూడండి. స్పెయిన్ అంతర్యుద్ధంలో 1937 ఏప్రిల్‌లో ఎయ్‌బార్ బాంబు దాడుల్లో బాగా ధ్వంసమైంది. 1950ల్లో ఇంగ్లండ్ మార్కెట్ కోసం ఏవైఏ నంబర్ల వరస మొదలైంది. 1980ల్లో చాలా కంపెనీలను కలిపి డియార్మ్ అని ఒకటి చేశారు, అది నిలవలేదు. ఏవైఏ ఆ తర్వాత చిన్నగా మళ్లీ లేచింది.

7. గన్‌స్మిత్ చేతికి ఇచ్చేటప్పుడు

కొనేముందు లాక్ ఒక్కసారైనా తెరిపించాలి. తెరిచాక ఏం చూడమని అడగాలో తెలిస్తే డబ్బు వృథా కాదు. రెండో సియర్ ఉందా, ఉంటే దాని ముక్కు హ్యామర్ గంటుకు ఎదురుగా సరిగ్గా నిలబడుతోందా అని అడగండి. సియర్ ముక్కూ, హ్యామర్ గంటూ పదునుగా ఉన్నాయా, మొద్దుబారాయా అని అడగండి. చవక ఎగుమతి తుపాకుల మీద ఉన్న పాత ఫిర్యాదు ఇదే, పైపొర మాత్రమే గట్టిపడి లోపలి ఇనుము మెత్తగా ఉంటుందని. పొర అరిగితే ట్రిగ్గర్ ముట్టుకుంటే పడేంత తేలికవుతుంది. ఎవరైనా "ట్రిగ్గర్ సుతారంగా ఉంది" అని మెచ్చుకుంటే అక్కడే అనుమానించండి. ముక్కల మీద ఒకే సంఖ్య కొట్టి ఉందా అన్నది చివరి ప్రశ్న. చేత్తో ఒకదానికొకటి అమర్చిన లాక్‌లో లోపలి ముక్కలకు తరచూ ఒకే సంఖ్య ఉంటుంది. ఒకదాని మీద వేరే అంకె కనిపిస్తే ఆ ముక్క ఇంకో తుపాకీ నుంచి వచ్చి ఉండొచ్చు. ఎవరు, ఎప్పుడు మార్చారో యజమానినే అడగండి.